వలయం దాటిన మాట

"సబ్బుని నీళ్ళలో వదిలేసిందెవరు?"

స్నానాలగది గుమ్మంలో నిలబడి నాయనమ్మ అరచెయ్యి చాపింది. అందులో జావలా కరిగిపోయిన సబ్బు వేళ్ళ సందుల్లోంచి జారుతోంది. మంగళవారం పొద్దున్న, ఎవరి తొందర వాళ్ళది. వంటింటి బల్ల దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న అమ్మడు తల ఎత్తలేదు.

"నేను కాదు."

"నువ్వు కాకపోతే సబ్బు తనంతట తాను ఈతకెళ్ళిందా?"

"నాన్నేమో! నన్నే ఎందుకు అడుగుతావు?"

"ఒక సబ్బుకి ఇంత పంచాయితీ ఎందుకమ్మా?" అన్నాడు నాన్న, వ్యాను తాళాలు వెతుక్కుంటూ.

"నువ్వు మాట్లాడకు. నువ్వు ముట్టుకుంటే సబ్బు అరుగుతుంది కానీ ఒంటికి తగలదు. నిన్ననే విప్పాను కొత్తది!"

కిటికీ పక్కన కుట్టుమిషను చక్రం ఆగింది. "నేనే అత్తయ్యా. తలస్నానం చేసి మర్చిపోయాను" అంది అమ్మ.

ఎవరో దీపం ఆర్పేసినట్టు గొడవ టక్కున ఆగిపోయింది. నాయనమ్మ చెయ్యి ముడుచుకుంది. "పోనీలే అమ్మాయ్, సబ్బేగా" అంటూ లోపలికెళ్ళి కుళాయి తిప్పింది. జేబులో తగిలిన తాళాలను నాన్న అప్పుడే చూసినట్టు పైకి తీశాడు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఇంతే. అమ్మ నోటి వెంట తల అనో, స్నానం అనో, పడుకోవడం అనో మాట వస్తే చాలు, ముగ్గురూ అద్దం పెంకుల మీద నడుస్తున్నట్టు మెత్తబడిపోతారు. అమ్మ ముగ్గురి వంకా ఓసారి చూసి, దారం కొసను నాలుకకు అద్దుకుని సూదిలోకి ఎక్కించింది. చక్రం మళ్ళీ తిరిగింది.

అమ్మడుని బళ్ళో గంట అంటారు. చాపెల్‌లో ప్రార్థనకి ముందు చేతిగంట మోగించే పని ఆమెది కాబట్టి ఆ పేరు. బళ్ళో ప్రార్థనలు నడిపే క్యాంపస్ మినిస్ట్రీ టీములో చేరినప్పటి నుంచీ గంట ఆమెదే, కుర్చీలు వలయంగా వేయడం ఆమెదే, పీఠం గుడ్డల మీద కారిన మైనం తీయడమూ ఆమెదే. మాట్లాడే పని మాత్రం మైకుది. అతనిది కూడా ఆఖరి తరగతే. టీముకి విద్యార్థి నాయకుడు. ఏ సభలోనైనా మైకు అతని చేతికే వెళ్ళేది. వెళ్ళాక తిరిగి వచ్చేది కాదు. అందుకే ఆ పేరు.

ఆ పొద్దున్న అసెంబ్లీలో అతను ప్రేమ గురించి మాట్లాడాడు. మొదట్లో అమ్మడు సరిగ్గా వినలేదు. పాటల కాగితాలు వరస తప్పాయి, వాటిని సర్దుకుంటోంది.

"నాకు తెలిసిన ఒక ఇల్లుంది" అన్నాడు మైకు, గొంతు తగ్గించి. "ఆ ఇంట్లో ఒక తల్లి. కడుపులో బిడ్డను పోగొట్టుకుంది. అప్పట్నుంచి మంచం దిగలేదు. దువ్వెన ముట్టుకోలేదు. కూతురు రోజూ బడికి వచ్చే ముందు బకెట్టుతో నీళ్ళు తెచ్చి, ఆ తల్లి తలను మంచం అంచుకి జరిపి, చిక్కుపడిన జుట్టు కడిగేది. తడిసిన చొక్కా చేతులతోనే బడికి వచ్చేది. ప్రార్థన అంటే అది, మిత్రులారా!"

కాగితాలు అమ్మడు చేతిలోనే ఉన్నాయి. హాలంతా చప్పట్లు. టీముని చూసుకునే సిస్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పోయిన ఏడాది తడిచేతుల చొక్కాతో ఆలస్యంగా వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి టీచరు చేత తిట్లు తిన్నదెవరో ఆ తరగతిలో ఎవరూ మర్చిపోలేదు. ముందు ఒక తల వెనక్కి తిరిగింది. తర్వాత దాని పక్కది. ఆ పైన వరసకి వరసే తిరిగింది.

ఆ మాటలు ఆమె ఒక్కచోటే చెప్పింది. నాయకుల శిక్షణలో, కొవ్వొత్తి చుట్టూ వేసిన వలయంలో. వలయంలో మాట వలయంలోనే ఉండాలన్నది వాళ్ళ టీములో మొదటి నియమం. ప్రతిసారీ కొవ్వొత్తి వెలిగించి ఆ నియమం చదివేది కూడా మైకే.

అసెంబ్లీ అయ్యాక వరండాలో అతనే ఎదురొచ్చాడు, పెళ్ళికొడుకులా వెలిగిపోతూ.

"ఎలా ఉంది గంటా? నీ గురించేనని ఎవరికీ తెలీదులే. పేరు చెప్పలేదుగా."

"నన్ను అడిగావా?"

"అడిగితే వద్దనేదానివి కదా!"

అది అబద్ధం కాదు. అందుకే అమ్మడుకి మరీ ఒళ్ళు మండింది.

సిస్టర్ గదికి వెళ్ళింది. సిస్టర్ చెడ్డది కాదు. పిల్లలకి జ్వరం వస్తే తన గదిలోనే పడుకోబెట్టుకునే మనిషి. కుర్చీ జరిపి కూర్చోమంది, మంచినీళ్ళు ఇచ్చింది.

"పేరు చెప్పలేదుగా తల్లీ."

"నా చొక్కా చేతుల సంగతి చెప్పాడు సిస్టర్."

"నీ బాధ ఎంతమందికి మేలు చేసిందో చూడు. చిన్నపిల్లలు ఏడ్చుకుంటూ వచ్చారు, ఇంటికెళ్ళి అమ్మకి సాయం చేస్తామని. నీ బాధని దేవుడికి అప్పగించు."

"నేను అప్పగించేలోపే మైకు తీసుకుపోయాడు సిస్టర్."

"అదిగో, ఆ వెటకారమే వద్దన్నాను." సిస్టర్ నవ్వు ఆపుకుని, వెంటనే ముఖం గంభీరంగా పెట్టుకుంది. "క్షమించడం నేర్చుకో. శనివారం రిట్రీట్ ఉంది, రోజంతా ప్రార్థనలే. మనసులో ముల్లు పెట్టుకుని కింది తరగతి పిల్లల ముందు కూర్చోకూడదు."

క్షమించమని చెప్పినవాళ్ళే తప్ప, తప్పు చేశావని అతనికి చెప్పినవాళ్ళు ఆ బళ్ళో ఒక్కరూ కనిపించలేదు అమ్మడుకి. సాయంత్రం వ్యానులో నాన్నకి చెప్పింది. నాన్న కూడలిలో ఎర్రదీపం దగ్గర బండి ఆపి చాలాసేపు ముందుకే చూశాడు. దీపం మారి, వెనక బండివాడు హారన్ కొట్టేదాకా కదల్లేదు.

"అమ్మకి తెలియనివ్వకు" అన్నాడు చివరికి.

"తెలిస్తే?"

"మళ్ళీ మంచం ఎక్కితే? వద్దమ్మడూ. మీ నాయనమ్మకి నేను చెప్తాను."

గురువారం మధ్యాహ్నం చాపెల్ వెనక గదిలో అమ్మడు పీఠం గుడ్డ ఇస్త్రీ చేస్తోంది. మైనం మరక మీద దళసరి కాగితం వేసి, పైన వేడి పెట్టెను ఒక్క క్షణం ఆనించాలి. ఎక్కువసేపు ఉంచితే గుడ్డ మాడిపోతుంది, తక్కువైతే మైనం లోపలే ఉండిపోతుంది. కరిగిన మైనాన్ని కాగితం పీల్చుకుంటుంటే ఆమెకు ఎప్పుడూ ఏదో తృప్తి. ఆ రోజు చేతులు ఆ పని చేస్తున్నాయి, మనసు ఇంకో పని చేస్తోంది.

శిక్షణ నాటి ఆ వలయంలో చెప్పింది ఆమె ఒక్కతే కాదు. మైకు కూడా చెప్పాడు. పక్కగదిలో మంచం మీదున్న తాత పిలిచాడట. చెవులకి తగిలించుకున్న హెడ్‌ఫోన్లు కొంచెం జరిపి విన్నాడట కూడా. ఆట సగంలో ఉంది, అయ్యాక వెళ్దామనుకున్నాడట. వెళ్ళేసరికి తాత లేడు. అమ్మానాన్నలకి మాత్రం నాకేం వినపడలేదని చెప్పాడు. అది చెప్తూ మైకు ముక్కు చీదుకున్నాడు, అప్పుడు తన రుమాలు ఇచ్చింది అమ్మడే.

నాకు తెలిసిన ఒక ఇల్లుంది, అనుకుంది అమ్మడు కాగితం జరుపుతూ. ఆ ఇంట్లో ఒక తాత. పేరు చెప్పను. పేరు చెప్పకపోతే తప్పు లేదటగా.

అనుకున్న కొద్దీ ఆ వాక్యం నోటికి రుచిగా తగులుతోంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో మైకు దగ్గరే నేర్చుకుంది. "ఆట అయ్యాక వెళ్దామనుకున్నాడు" అన్నచోట ఆగి, నేరుగా అతని కళ్ళలోకి చూడాలి. అతని ముఖం తెల్లబోవాలి. ఒక తల వెనక్కి తిరగాలి. తర్వాత దాని పక్కది.

తలుపు తోసుకుని మైకే వచ్చాడు. "గంటా, శనివారం పిల్లల ముందు చివరి సాక్ష్యం నువ్వే ఇవ్వాలి, నీ బతుకులోంచి ఒక సంగతి. సిస్టర్ చెప్పమంది. నీ మనసు తేలికపడుతుందట."

"సరే."

"సరేనా?" అతను నమ్మలేనట్టు చూశాడు. "మైకంటే భయపడతావుగా నువ్వు?"

"భయం తీరిపోయింది."

"కోపం?"

"అదీ తీరిపోతుంది" అంటూ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "శనివారానికి."

ఆ సాయంత్రం వంటింట్లో పళ్ళేలు తుడుస్తూ తనలో తాను నవ్వుకుంది. నాయనమ్మ చూడనే చూసింది. "ఏమే, ఆ నవ్వేమిటి? ఎవడి కొంప ముంచబోతున్నావు?" అంది. అమ్మడు ఉలిక్కిపడి పళ్ళెం జారవిడిచింది. మిషను దగ్గర అమ్మ ఎవరి పిల్లదో స్కర్టు అంచు విప్పుతూ, ఒక్కో కుట్టు కత్తిరిస్తూ, ఈ మాటలేవీ పట్టనట్టే ఉంది.

శుక్రవారం టీము ముందు సాక్ష్యాలు ఓసారి చెప్పి చూపించాలి. అమ్మడు ఉత్త మాటలేవో చెప్పింది. గంట మోగించడంలో ఓర్పు నేర్చుకున్నాను, అలాంటివి. సిస్టర్ మెచ్చుకుంది. ఆ తర్వాత ఎవరు మాట్లాడుతున్నప్పుడు చాపెల్‌లో ఎవరుండాలో పంచుకున్నారు. అది వాళ్ళ పాత ఆచారం. ఒకరు హాల్లో సాక్ష్యం ఇస్తున్నంతసేపూ ఇంకొకరు చాపెల్‌లో పీఠం మీది మందసం ముందు మోకరించి వాళ్ళ కోసం ప్రార్థించాలి. సాక్ష్యం ముగిసిందని గంట వినపడేదాకా లేవకూడదు.

"గంట మాట్లాడేటప్పుడు నేనుంటాను" అన్నాడు మైకు.

అమ్మడు చప్పున తలెత్తింది. ఈ ఆచారం ఆమెకు తెలియక కాదు. రెండేళ్ళుగా ఎవరెవరి కోసమో తనే మోకరించింది. నిన్నటి నుంచీ ఊహలో మైకుని ముందు వరసలో కూర్చోబెట్టుకుంటూ వచ్చింది కానీ, తన కోసం కూడా ఎవరో ఒకరు లేచి వెళ్తారన్నది తట్టనే లేదు.

"నువ్వెందుకు? నాయకుడివి. హాల్లో ఉండాలి."

"నాయకుడు మోకరించకూడదని ఎక్కడుంది?"

"నీ మోకాళ్ళు నొప్పి పుడతాయి."

"పుట్టనీ."

అందరూ నవ్వారు. "ఎంత మంచి మనసు నీది!" అంది సిస్టర్. అతను తప్పు తెలిసి దిద్దుకుంటున్నాడా, సంగతి పసిగట్టి తప్పించుకుంటున్నాడా అన్నది అతని ముఖం చూసి పోల్చుకోలేకపోయింది అమ్మడు. ఇంటికెళ్ళే దారంతా పళ్ళు కొరుక్కుంది. చివరికి, వాడు వినకపోతేనేం, అందరూ వింటారు చాలు అనుకుంది. నేను చూసినట్టే వాడూ సోమవారం వరండాలో తలలు తిరగడం చూసి తెలుసుకుంటాడు.

శనివారం పొద్దున్న కింది తరగతి పిల్లల్ని వలయాలుగా కూర్చోబెట్టారు. అమ్మడు వలయంలో కళ్ళజోడు పిల్ల ఒకతె ఉంది. బక్కపల్చగా, కూర్చున్న కుర్చీకే బరువు తెలియనంత చిన్నది. కొవ్వొత్తి వెలిగించి అమ్మడు నియమం చదివింది. వలయంలో మాట వలయంలోనే. చదువుతుంటే నాలుక మీద చేదుగా తగిలింది.

కొవ్వొత్తి చేతులు మారుతూ కళ్ళజోడు పిల్ల దగ్గరికొచ్చింది. ఆ పిల్ల దాన్ని రెండు చేతులా పట్టుకుని మంట వంకే చూస్తూ అంది. "మా నాన్న పనిమీద ఊరెళ్ళాడని అందరికీ చెప్తున్నాం. ఊరెళ్ళలేదు. వేరే ఇంట్లో ఉంటున్నాడు. ఆ ఇల్లు మా వీధి చివరే. బడికి వచ్చేటప్పుడు తల దించుకుని నడుస్తాను, కనపడకుండా." తలెత్తి అంది. "ఎవరికీ చెప్పరుగా అక్కా?"

"చెప్పం" అంది అమ్మడు.

మధ్యాహ్నం ఎండ హాలు కిటికీల్లోంచి నేలమీద పలకలు పలకలుగా పడుతోంది. మిగతావాళ్ళ సాక్ష్యాలు అయిపోయాయి. మైకు లేచి, ఆమె వంక చూడకుండా చాపెల్ వైపు నడిచాడు. అతను వదిలిన కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మడు మైకు అందుకుంది.

"నాకు తెలిసిన ఒక ఇల్లుంది" అంది.

హాలు నిశ్శబ్దమైంది. ఎంత చక్కగా నిశ్శబ్దమైందో! ఇన్నాళ్ళూ మైకు దీన్నా అనుభవిస్తున్నది, అనిపించింది.

"ఆ ఇంట్లో ఒక అబ్బాయి. ఆ అబ్బాయి ఎవరికీ చెప్పని సంగతి..."

అప్పుడు కనపడింది కళ్ళజోడు పిల్ల. ముందు వరసలో, కుర్చీ అంచుని రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉంది. అబ్బాయి అన్న మాట ఆ పిల్ల చెవికి చేరనే లేదు. ఇల్లు అన్న దగ్గరే ఆగిపోయింది. కళ్ళజోడు వెనక ఆ కళ్ళు అమ్మడుని ఒక్కటే అడుగుతున్నాయి. చెప్పనన్నావుగా?

నాలుక చివరనున్న తాత అక్కడే ఆగిపోయాడు. వెనక ఎవరో దగ్గారు. సిస్టర్ ధైర్యం చెప్తున్నట్టు తల ఊపింది. ఆ తల ఊపడం చూశాక అమ్మడు కోపం మైకు ఖాళీ కుర్చీ మీద నుంచి లేచి, గోడవారగా నిలబడ్డ సిస్టర్ మీద వాలింది.

"ఆ ఇంటి సంగతి నేను చెప్పను" అంది. "అది వలయంలో విన్నది. ఈ బళ్ళో వలయంలో విన్నది బయటికి రాదని పొద్దున్న మీకు నేనే చదివి వినిపించాను. అది అబద్ధం. వస్తుంది. నాది వచ్చింది. మంగళవారం ఈ మైకులోంచే వచ్చింది, మీరందరూ చప్పట్లు కొట్టారు. నాయకుడే తెచ్చాడు. పెద్దవాళ్ళకి చెప్తే దేవుడికి అప్పగించమన్నారు. కాబట్టి ఆ నియమాన్ని నమ్మి ఎవరూ ఏమీ చెప్పకండి. పొద్దున్న నా వలయంలో చెప్పినవాళ్ళది నా దగ్గరే ఉంటుంది. దానికి నేను మాటిస్తున్నాను. టీము తరఫున ఇవ్వలేను."

మైకు కింద పెట్టి చేతిగంట తీసుకుని తనే మోగించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కళ్ళజోడు పిల్ల చేతులు మాత్రం కుర్చీ అంచుని వదిలాయి.

"ఏమిటిది?" సిస్టర్ గుమ్మం దగ్గర అడ్డొచ్చింది. ముఖం కందిపోయింది. "ఇన్నేళ్ళ రిట్రీట్‌ని ఒక్క నిమిషంలో..."

"ఒక్క నిమిషం కాదు సిస్టర్, మంగళవారం నుంచి" అని పక్కనుంచి తప్పుకుని వెళ్ళింది.

చాపెల్‌లో ఎర్రదీపం ముందు మైకు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. గంట వినపడినా లేవలేదు. అడుగుల చప్పుడుకి తల తిప్పకుండానే అడిగాడు.

"చెప్పేశావా?"

"ఏది?"

"తాత సంగతి." అప్పుడు తల తిప్పాడు. "చెప్తావని నాకు తెలుసు. గురువారమే తెలిసింది, నువ్వు సరేనన్నప్పుడు. హాల్లో కూర్చుని వినలేననిపించింది. అందుకే ఇక్కడికొచ్చాను."

అయితే ప్రార్థన కోసం కాదన్నమాట! అమ్మడుకి ఎక్కడో చల్లగా తగిలింది ఆ మాట. రెండు రోజులుగా చూడాలనుకున్న ముఖం ఇదే. తెల్లబోయి, ముక్కు ఎర్రబడి, ఆమె కాళ్ళ దగ్గర ఉంది. ఈసారి రుమాలు తీయలేదు.

"సోమవారం అసెంబ్లీలో అదే మైకు పట్టుకుని చెప్పాలి. అడగకుండా తీసుకున్నానని. తప్పని. ఇల్లు, తల్లి, ప్రేమ, దేవుడు, ఇవేవీ కలపకూడదు. అంతే చెప్పి కూర్చోవాలి."

"చెప్తాను. మరి తాత..."

"నీ తాత సంగతి నా దగ్గరుంది."

అది అభయమో బెదిరింపో తెలియక అతను ఆమె ముఖంలోకి చూశాడు. తెలియనివ్వలేదు అమ్మడు. సోమవారం దాకా తెలియకుండా ఉండడమే బాగుంటుందనిపించింది.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర నాన్న మాటిమాటికీ అమ్మడు వంక చూస్తున్నాడు. నాయనమ్మ మాట్లాడకుండా నములుతోంది. నాయనమ్మ మాట్లాడలేదంటే సంగతి పెద్దదే.

"సిస్టర్ ఫోన్ చేసింది" అంది అమ్మ, కూర వడ్డిస్తూ.

నాన్న చేతిలో గ్లాసు బల్లకి తగిలి చప్పుడైంది. "నీకా? నా నంబరేగా ఉండాల్సింది అక్కడ!"

"మీది కలవలేదట. మీ అమ్మాయి పిల్లల్ని చెడగొట్టింది, టీములోంచి తీసేయాల్సి వస్తుందేమో, అంది. నాకు తెలియదనుకుని చాలా తిప్పలు పడింది పాపం, ఏది చెప్పాలో ఏది దాచాలో తేలక."

"తెలియదనుకుని..?" అంది అమ్మడు.

"బుధవారం స్కర్టు అంచు దించమని ఒకావిడ వచ్చింది. కొలత చెప్తున్నంతసేపూ నా జుట్టే చూసింది. పోతూ పోతూ, ఇప్పుడెలా ఉందండీ అంది. అడిగి మొత్తం చెప్పించుకున్నాను." అమ్మ గరిటె గిన్నెలో పెట్టి కూర్చుంది. "మీరు ముగ్గురూ పిల్లుల్లా నడుస్తుంటే నాకు కనపడదనుకున్నారా? మిషను చప్పుడుకి చెవులు పోలేదు నాకు."

"అమ్మాయ్, నేను చెప్పేద్దామనే అన్నాను" అంది నాయనమ్మ.

"మీరు అనలేదు అత్తయ్యా."

"అనుకున్నాను."

అమ్మడు ముందుకు వంగింది. ఇంక దాచేదేమీ లేదు కాబట్టి గొంతులో గెలుపు దాచుకోలేకపోయింది. "అమ్మా, నేను ఊరుకోలేదు. సోమవారం అందరి ముందూ వాడు తప్పు ఒప్పుకుంటాడు. మాట తీసుకున్నాను."

"ఏమని ఒప్పుకుంటాడు?"

"నన్ను అడగకుండా చెప్పినందుకు."

"నిన్నా?" అంది అమ్మ.

గొంతు పెరగలేదు. కుట్టు తప్పిపోయిన బట్టను వెలుతురుకి పెట్టి చూసినట్టు కూతుర్ని చూసింది.

"నిన్నెందుకు అడగాలమ్మా? జుట్టు ఎవరిది? మంచం దిగలేనిదెవరు? పోయిన బిడ్డ ఎవరి బిడ్డ? వాడు నీ దగ్గర తీసుకున్నాడు, నిజమే. నువ్వెవర్ని అడిగి తీసుకెళ్ళి ఆ కొవ్వొత్తి ముందు పెట్టావు?"

అమ్మడు నోరు తెరిచింది. వలయంలో చెప్పాను, బయట కాదు అనబోయింది. ఆ సాకు తనకే చాలనట్టు అనిపించి మింగేసింది. శిక్షణ రోజు తను చెప్పి ముగించాక ఎవరో చెయ్యి పట్టుకుని, నువ్వెంత గొప్పదానివి అన్నారు. అప్పుడు ఎంత బాగుందో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"పోనీలేవే, చిన్నపిల్ల..." నాన్న మొదలుపెట్టాడు.

"నా జుట్టు కడిగినప్పుడు చిన్నపిల్ల కాదుగా" అంది అమ్మ. "కడిగినందుకు ఈ జన్మకి మర్చిపోను. దానికీ దీనికీ ముడిపెట్టకండి."

రొట్టె తుంచి అమ్మడు పళ్ళెంలో ఒక ముక్క, తన పళ్ళెంలో ఒక ముక్క పెట్టుకుంది.

"సోమవారం వాడు మాట్లాడతానన్నాడని సిస్టరే అంది. నేనూ ఆవిడకి చెప్పేశాను. సోమవారం అసెంబ్లీకి నేనొస్తున్నాను. ముందు వరసలో కుర్చీ వేయించమన్నాను. ఆవిడని కూడా నా పక్కనే కూర్చోమన్నాను. ఆ అబ్బాయి చెప్పేది గోడకో దేవుడికో కాదు, నన్ను చూసి చెప్పాలి." ముక్క నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి మింగింది. "వాడి తర్వాత నువ్వు."